కలకత్తా చదువరులు - గ్రీకు దేవతలు

కార్యాలయపు పనిమీద కలకత్తా వెళ్ళిన మన ఉద్యోగులలో చాలామంది ఒకప్పటి డల్హౌసీ స్క్వేర్ మీదుగా నడిచే ఉంటారు. లాల్‌దిఘీ చెరువుకు ఉత్తరాన, వీధి పొడవునా పరచుకున్న ఎర్రని భవనం రైటర్స్ బిల్డింగ్. 2013 వరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సచివాలయం అక్కడే ఉండేది. ఎన్నో ఫైళ్ళు ఆ ద్వారం గుండా లోనికి పోయాయి, కొన్ని తిరిగి వచ్చాయి. అయితే ఆ భవనం పైకప్పు వైపు తలెత్తి చూసినవారు ఎందరు?

అక్కడ నడుమ ముఖద్వారం మీద, జ్ఞానానికి అధిదేవత అయిన మినర్వా నిలిచి ఉన్నది. గ్రీకులు ఆమెనే అథీనా అన్నారు. ఆమెకు అటూ ఇటూ న్యాయం, వాణిజ్యం, విజ్ఞానం, వ్యవసాయం అనే నాలుగు శిల్ప సముదాయాలు ఉన్నాయి. వాటిలో వరుసగా జ్యూస్, హెర్మీస్, అథీనా, డెమెటర్ అనే గ్రీకు దేవతలు, వారి పక్కన ఒక ఐరోపావాసి, ఒక భారతీయుడు కనిపిస్తారు. 1883లో వుడింగ్టన్ అనే శిల్పి రూపొందించిన ప్రతిమలివి. కాళీమాత నగరంలో, ప్రభుత్వ కార్యాలయం నెత్తిన, గ్రీకు దేవతలు ఇంతకాలంగా ఎండకు ఎండి వానకు తడుస్తున్నారు.

ఇవి పాలకులు పైనుండి నిలిపిన విగ్రహాలు. కాని వీటికన్నా ఎంతో ముందే ఆ దేవతలు మరొక దారిన కలకత్తాలో ప్రవేశించారు. ఆ దారి చదువుల దారి. ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే పుస్తకాన్ని పంచుకుని, వాదించుకుని, అలిగి, మళ్ళీ కలిసిన విద్యార్థుల దారి. ఆ కథ వినదగినది. అందులో మన తెలుగు భాషకు కూడా చిన్నపాటి చోటున్నది.

న్యాయమూర్తి వేసిన ప్రశ్న

1783లో సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా కలకత్తా చేరిన సర్ విలియం జోన్స్, మరుసటి ఏడు జనవరి 15న ఆసియాటిక్ సొసైటీని నెలకొల్పాడు. బాల్యం నుండి గ్రీకు, లాటిన్ కావ్యాలలో మునిగి తేలిన ఆయనకు ఇక్కడి పురాణ కథలు వినగానే ఒక సందేహం కలిగింది. ఈ దేవతలకు, తాను చదువుకున్న దేవతలకు చుట్టరికం ఉన్నదా? 1784లోనే ఆయన గ్రీసు, ఇటలీ, భారతదేశాల దేవతలను గూర్చి ఒక వ్యాసం రచించి, తరువాత దానిని సవరించాడు. అది 1788లో సొసైటీ సంపుటిలో అచ్చయింది.

అందులో ఆయన గణపతిని రోమనుల జేనస్‌తో, శ్రీకృష్ణుని అపోలోతో, శ్రీరాముని డయోనిసస్‌తో పోల్చాడు. ఈ పోలికలలో పెక్కింటిని నేటి పండితులు అంగీకరించరు. రూపం కలిసినంత మాత్రాన, పేరులో ఒక అక్షరం కలిసినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదు. అయితే 1786 ఫిబ్రవరి 2న ఆయన చేసిన ప్రసంగం మాత్రం చరిత్రలో నిలిచిపోయింది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి పుట్టి ఉండాలని ఆయన అందులో ప్రతిపాదించాడు. ఆ బాటలో సాగిన భాషాశాస్త్రం తరువాతి కాలంలో నికరమైన చుట్టరికాలను తేల్చింది. ఋగ్వేదంలో ఆకాశాన్ని తండ్రిగా భావించి పిలిచిన ‘ద్యౌః పితా’, గ్రీకుల ‘జ్యూస్ పాతెర్’, రోమనుల ‘జూపిటర్’ ఒకే మాటకు మూడు రూపాలు. మన ఉషస్సు, గ్రీకుల ఈయోస్ అక్కచెల్లెళ్ళు. ఊహ తప్పినా ప్రశ్న ఫలించింది.

ఆశ్చర్యమేమంటే, అదే 1786లో, ఏథెన్స్ నగరంలో పుట్టిన దిమిత్రియోస్ గలానోస్ అనే యువకుడు కలకత్తాలో అడుగుపెట్టాడు. ఇక్కడి గ్రీకు వర్తకుల పిల్లలకు చదువు చెప్పడం ఆయన ఉద్యోగం. కొన్నేళ్ళు ఆ కొలువు చేసి, ఆపై కాశీకి పోయి, సంస్కృతం నేర్చి, దాదాపు నలభై సంవత్సరాలు పండితుల నడుమ జీవించి 1833లో అక్కడే కన్నుమూశాడు. భగవద్గీతను, రఘువంశాన్ని ఆయన గ్రీకులోనికి అనువదించాడు. మనవారు వారి దేవతలను చదవకముందే, వారిలో ఒకడు మన దేవతలకు శిష్యుడయ్యాడు.

మంత్రానికి బదులు ఇలియడ్

1817 జనవరి 20న కలకత్తాలో హిందూ కళాశాల ప్రారంభమైంది. తమ బిడ్డలకు ఇంగ్లీషు విద్య అబ్బాలని నగరంలోని హిందూ ప్రముఖులు పూనుకుని స్థాపించిన విద్యాలయమిది. 1855లో ఇదే ప్రెసిడెన్సీ కళాశాల అయింది. 1826లో హెన్రీ డెరోజియో అక్కడ ఉపాధ్యాయుడుగా చేరాడు. అప్పటికి ఆయన వయస్సు 17 సంవత్సరాలు. గురువుకు, శిష్యులకు వయస్సులో పెద్ద తేడా లేదు. తరగతి ముగిసినా చర్చ ముగిసేది కాదు. 1828లో ఏర్పడిన అకడమిక్ అసోసియేషన్‌లో దైవం, విధి, సత్యం, దేశభక్తి వంటి విషయాలపై వారు గంటల తరబడి వాదించుకునేవారు.

ఆ వాదాల వేడి ఇళ్ళను తాకింది. పూజామందిరంలో కూర్చుని మంత్రం చదవమంటే, కొందరు పిల్లలు హోమర్ ఇలియడ్ కావ్యం లోని పంక్తులు వల్లించారని నాటి కళాశాల ఉద్యోగి ఒకరు గ్రంథస్థం చేశారు. నేడు ఇది చదివి నవ్వుకుంటాము. కాని ఆ గదిలో కూర్చున్న తండ్రి మనస్సును ఒక్కసారి ఊహించండి. ఉన్నదంతా ఊడ్చి కొడుకును చదివించాడు. ఆ కొడుకు నోట తాతముత్తాతల దేవుని పేరు రాలేదు. ఎక్కడో సముద్రాల అవతలి జ్యూస్ పేరు, అకిలీస్ పేరు వచ్చాయి. చదువు బిడ్డను పెంచినదా, పరాయివానిని చేసినదా?

తల్లిదండ్రుల ఆందోళన కళాశాల యాజమాన్యం వరకు పోయింది. 1831 ఏప్రిల్‌లో డెరోజియో రాజీనామా చేయవలసి వచ్చింది. తాను నాస్తికత్వం బోధించలేదనీ, రెండు పక్షాల వాదాలనూ విద్యార్థుల ముందు ఉంచాననీ ఆయన సమాధానమిచ్చాడు. అదే ఏడు డిసెంబరు 26న కలరా సోకి, 22 ఏళ్ళ వయస్సులో మరణించాడు. ఆయన ప్రభావంలో పెరిగిన వారిలో ఒకడు రాధానాథ్ సిక్దార్. ప్రపంచంలో అత్యున్నత శిఖరం ఎత్తును గణించిన గణితజ్ఞుడు ఆయనే. ప్రశ్నించే అలవాటు ఒక్కొక్కరిని ఒక్కొక్క శిఖరానికి చేర్చింది.

మద్రాసులో తెలుగు పాఠం

తరువాతి తరంలో అదే కళాశాలలో మధుసూదన్ దత్, భూదేవ్ ముఖోపాధ్యాయ, రాజనారాయణ్ బసు, గౌర్‌దాస్ బసాక్ సహాధ్యాయులు. వీరిలో 1824 జనవరి 25న జెస్సోర్ జిల్లాలో జన్మించిన మధుసూదనుడికి ఒకటే కోరిక. ఇంగ్లీషు మహాకవి కావాలి, ఇంగ్లాండు చేరాలి. 1843లో అతడు క్రైస్తవం స్వీకరించాడు. హిందూ కళాశాల తలుపులు మూతపడ్డాయి. హుగ్లీ నది ఆవలి ఒడ్డున, శిబ్‌పూర్‌లో ఉన్న బిషప్స్ కళాశాలలో చేరి గ్రీకు, లాటిన్ భాషలు అభ్యసించాడు. కొంతకాలం ఖర్చు భరించిన తండ్రి, తరువాత చేయి విడిచాడు. చేతిలో డబ్బు లేక, అయినవారి ఆదరణ లేక, మధుసూదనుడు మద్రాసు చేరి అనాథ బాలుర పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు.

అక్కడ 1849లో అచ్చు వేయించిన ఇంగ్లీషు కావ్యం ఆశించిన కీర్తి తేలేదు. మాతృభాషలో వ్రాయమని కలకత్తా నుండి విద్యావేత్త బెథూన్ సలహా పంపాడు. ఆ ఏడాదే గౌర్‌దాస్‌కు వ్రాసిన ఒక లేఖలో మధుసూదనుడు తన దినచర్యను వివరించాడు. ఉదయం 6 నుండి 8 వరకు హీబ్రూ, 12 వరకు పాఠశాల ఉద్యోగం, 12 నుండి 2 వరకు గ్రీకు, 2 నుండి 5 వరకు తెలుగు, సంస్కృతం, 5 నుండి 7 వరకు లాటిన్, ఆపై రాత్రి 10 వరకు ఇంగ్లీషు. ఇదంతా తన పితరుల భాషను అలంకరించేందుకు సన్నాహమే కదా అని మిత్రుని ప్రశ్నించాడు.

గ్రీకు పాఠం ముగిసిన వెంటనే తెలుగు పాఠం! సి.పి. బ్రౌన్ తన తెలుగు నిఘంటువుకు మెరుగులు దిద్దుతున్న రోజులలో, అదే మద్రాసు నగరంలో, ఒక వంగ యువకుడు మండుటెండ వేళ తెలుగు అక్షరాలు దిద్దుతున్న దృశ్యం తలచుకుంటే తెలుగువారికి సంతోషం కలుగక మానదు. మద్రాసులో ఉండగానే అతని తల్లి, తండ్రి ఒకరి తరువాత ఒకరు గతించారు. 1856లో అతడు కలకత్తాకు తిరిగి వచ్చాడు. వచ్చినది ఒంటరిగా కాదు. హోమర్ దేవతలు అతని వెంట ఉన్నారు.

నారదుడు విసిరిన బంగారు పద్మం

గ్రీకు పురాణంలో ఒక ప్రసిద్ధ కథ ఉన్నది. ఒక పెండ్లి విందులో కలహ దేవత ఎరిస్, ‘అందరిలో అందగత్తెకు’ అని చెక్కిన బంగారు ఆపిల్ పండును విసిరింది. హీరా, అథీనా, ఆఫ్రొడైటీ నాకంటే నాకని తగవులాడారు. తీర్పు చెప్పవలసిన పారిస్ రాకుమారుడు పండును ఆఫ్రొడైటీకి ఇచ్చాడు. ట్రాయ్ యుద్ధానికి బీజం అక్కడ పడింది.

1860లో మధుసూదనుడు రచించిన ‘పద్మావతి’ నాటకానికి ఈ కథే ఆధారం. అయితే ఎరిస్ స్థానంలో ఎవరిని నిలపాలి? కలహభోజనుడు నారదుడు సిద్ధంగా ఉన్నాడు! ఆపిల్ పండు బంగారు పద్మమైంది. శచీదేవి, కుబేరుని పత్ని, రతీదేవి పోటీ పడ్డారు. ఇంద్రనీలుడనే రాజు పద్మాన్ని రతికి ఇచ్చాడు. గ్రీకు కథ అని చెప్పకపోతే ఏ పురాణంలోనిదో అనుకోవచ్చును. పరదేశపు మొక్కను తెచ్చి, మన మట్టిలో నాటి, మన నీరు పోసి పూయించడమంటే ఇదే.

1861లో వెలువడిన ‘మేఘనాదవధ కావ్యం’ ఈ కృషికి శిఖరం. ఇంద్రజిత్తు మరణాన్ని తొమ్మిది సర్గలలో పాడిన కావ్యమిది. ఇలియడ్ 14వ భాగంలో హీరా అలంకరించుకుని, ఐడా పర్వతం మీద ఉన్న జ్యూస్‌ను మురిపించి యుద్ధగతిని మారుస్తుంది. మధుసూదనుడి రెండవ సర్గలో పార్వతి మదనుని తోడు చేసుకుని, తపస్సులో ఉన్న శివుని చెంతకు వెళుతుంది. ఇది తెలిసి చేసిన అనుకరణమేనని కవి మిత్రునికి వ్రాసిన లేఖలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఆ ఘట్టానికి వీలైనంత హిందూ వాతావరణం కల్పించానని ఆశించాడు.

చివరి సర్గలో కొడుకును పోగొట్టుకున్న రావణుడు, అంత్యక్రియల కోసం ఏడు దినాలు యుద్ధం ఆపమని రాముని వేడుకుంటాడు. రాముడు అంగీకరిస్తాడు. ఇలియడ్ ముగింపులో కుమారుడు హెక్టర్ శవం కోసం శత్రువు గుడారానికి వెళ్ళిన వృద్ధరాజు ప్రయామ్ మనకిక్కడ కనిపిస్తాడు. కొడుకు చేయి జారిపోయిన తండ్రి దుఃఖాన్ని ఆ కవి అంతగా ఎలా ఎరిగి ఉన్నాడో వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక తరగతి, మూడు దారులు

ఆ సహాధ్యాయులు ఆపై ఏమయ్యారు? మధుసూదనుడు క్రైస్తవుడు. రాజనారాయణ్ బ్రహ్మసమాజంలో చేరాడు. భూదేవ్ సంప్రదాయాన్ని విడువక, హిందూ కుటుంబ ధర్మాలను గూర్చి వ్యాసాలు వ్రాసిన ఆచారపరుడు. మూడు విశ్వాసాలు, మూడు జీవితాలు. అయినా మధుసూదనుడు కావ్యం వ్రాస్తూ వ్రాస్తూ రాజనారాయణ్ అభిప్రాయం కోరేవాడు. 1871లో ఇలియడ్ కథను బెంగాలీ వచనంలో ‘హెక్టర్ వధ’గా వెలువరించినపుడు, దానిని భూదేవ్ ముఖోపాధ్యాయకు అంకితమిచ్చాడు. రెండేళ్ళకు, 1873 జూన్ 29న, పేదరికంలో, అనారోగ్యంలో ఆయన కన్నుమూశాడు.

మంత్రానికి బదులు ఇలియడ్ చదివిన నాటి బాలుని చూసి కంటతడి పెట్టిన తండ్రికి కాలం ఇచ్చిన సమాధానం ఇదేననిపిస్తుంది. పరుల దేవతలను ఎరిగినందువల్ల ఇల్లు పోదు. సగం ఎరిగి గర్వించినపుడే ఇల్లు దూరమవుతుంది. పూర్తిగా ఎరిగినవాడు తిరిగి వచ్చి, తన అమ్మ చెప్పిన రామాయణాన్నే కొత్త కళ్ళతో చూస్తాడు. ఆ ప్రయాణానికి మధుసూదనుడు చెల్లించిన మూల్యం మాత్రం తక్కువది కాదు.

మన కాలనీలలో సెలవు దినాలలో పిల్లలు గుంపుగా చేరినపుడు ఈ ఆటను వారి చేతికి ఇచ్చి చూడవచ్చును. ఒకరు జ్యూస్ కథ చెప్పాలి, మరొకరు ఇంద్రుని కథ చెప్పాలి. ఎక్కడ కలిశాయి, ఎక్కడ విడిపోయాయి అని మూడవవారు అడగాలి. తప్పు పోలికలు వస్తాయి. రానివ్వండి, అంతటి విలియం జోన్స్‌కే వచ్చాయి. పెద్దలు చేయవలసినది ఒక్కటే. పక్కన కూర్చుని మన కథను కూడా సరిగా చెప్పడం.

ఈసారి కలకత్తా వెళ్ళినపుడు లాల్‌దిఘీ వద్ద ఒక్క నిమిషం ఆగి పైకి చూడండి. వెంట పిల్లలుంటే మినర్వాను చూపి, ఆమె మన ఏ దేవతను పోలి ఉన్నదో అడగండి. వారు చెప్పే సమాధానం కంటే, ఆ తరువాత వారు వేసే ప్రశ్నలు విలువైనవి.