గదిలో గొడుగు

“మాస్టారూ, గదిలో వాన పడుతోందా అండీ?”

పదవ తరగతి పిల్లవాడొకడు ఈ ప్రశ్న వేయగానే గది యంతయు ఘొల్లున నవ్వినది. వాని తప్పేమియు లేదు. ఎండయు వానయు లేని తరగతి గదిలో మూడుకాళ్ల స్టాండుమీద తెల్లని గొడుగు విప్పి, దానివైపునకు ఫ్లాషు దీపమును త్రిప్పుచున్న ఉపాధ్యాయుని చూచినచో ఎవరికైనను నవ్వు రాక మానదు. పబ్లిక్ పరీక్షల దరఖాస్తులకు విద్యార్థుల ఛాయాచిత్రములు కావలసి వచ్చినవి. పట్టణమునకు పోయి తీయించుకొనవలెనన్న పిల్లలకు ఒక పూట బడి పోవును. రానుపోను బస్సు ఖర్చు వేరు. కెమెరా పట్టుట నాకు కొంత అలవాటున్నదని ప్రధానోపాధ్యాయులు ఆ పని నాకు ఒప్పగించిరి.

అంతకు ముందటి సంవత్సరము కూడ నేనే తీసితిని. కాని గొడుగు లేకుండ తీసితిని. కెమెరా నెత్తిన ఫ్లాషు తగిలించి, పిల్లలను ఒక్కొక్కరినే గోడకు చేర్చి నిలబెట్టి, మీట నొక్కుచు పోయితిని. అరగంటలో పని ముగిసినది. చిత్రములు పంచిపెట్టిన నాడు మంచి నల్లని ఛాయ గల బాలిక యొకతె తన చిత్రమును వెలుతురులో అటునిటు త్రిప్పి చూచి, “ఇది నేనేనా సార్?” అని అడిగెను. ఆ మాటలో నిష్ఠూరము లేదు. నిజముగా సందేహమే. నుదుటిమీదను, ముక్కు కొనమీదను, చెక్కిళ్లమీదను సున్నపు బొట్లవలె తెల్లని మెరుపులు. తక్కిన ముఖమందు కన్నుల గుంటలు, పెదవులు, గడ్డము ఏర్పడ తెలియక కలిసిపోయిన నలుపు. వెనుక గోడమీద కాటుకతో గీసినట్లు మరియొక తల. ఆ చిత్రమే ఆమె హాల్‌టిక్కెట్టు మీదికి ఎక్కినది. వారి యింట కాగితముపై అచ్చయిన ఆ పిల్ల బొమ్మ అదియొక్కటే యని, దానినే పటము కట్టించిరని తరువాత తెలిసినది. ఆనాటినుండి నాకు గొడుగుల చింత పట్టుకొన్నది.

గొడుగు వెలుతురును పెంచునని చాలమంది తలంతురు. పెంచదు, తగ్గించును. అది చేయు పని వేరు. చిన్న దీపమును పెద్ద దీపముగా మార్చును. ఫ్లాషు ముఖమున వెలుగు వచ్చు కిటికీ నాలుగైదు చదరపు అంగుళములకు మించదు. దాని వెలుగు నలువది అంగుళముల అడ్డుకొలత గల తెల్లని గుడ్డమీద పరచుకొన్నప్పుడు, ఆ గుడ్డ యంతయు దీపమగును. అనగా దీపపు వైశాల్యము వేయి చదరపు అంగుళములకు పైబడును. ముఖమునకు వెలుతురు ఒక్క చోటినుండి గాక వేయి చోట్లనుండి వచ్చును. ఒక చోటినుండి వచ్చు వెలుతురును ముక్కు అడ్డగించినను, మరియొక చోటినుండి వచ్చునది ఆ నీడలోనికి ప్రవేశించును. అందుచేత నీడ అంచు మెత్తబడును.

భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు ఇందులో ఒక చిక్కు తోచవచ్చును. సూర్యుని అడ్డుకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు గదా, అంత పెద్ద దీపము మిట్టమధ్యాహ్నము అంత కఠినమైన నీడ నేల వేయును? సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండుటయే కారణము. ఇచ్చటినుండి చూచిన ఆ బింబము ఆకాశమున అర డిగ్రీ మాత్రమే ఆక్రమించును. దీపము ఎంత పెద్దదన్నది కాదు, ముఖమున్న చోటినుండి చూచినచో ఎంత పెద్దదిగా కనుపించునన్నది లెక్క. మబ్బు పట్టిన నాడు ఆకాశమంతయు దీపమగును, నీడలే యుండవు. గొడుగును ఎన్నుకొను వానికి ఈ యొక్క సంగతి తెలిసిన సగము విద్య వచ్చినట్లే. మూడడుగుల దూరమందున్న గొడుగును తొమ్మిదడుగులకు జరిపినచో, ముఖమునకు అది మూడవ వంతు గొడుగే. పెద్ద గొడుగు కొని దూరముగా నిలుపువాడు డబ్బు పెట్టి చిన్న గొడుగు కొన్నవాడు.

మన పెద్దలకు ఈ మెత్తని వెలుతురు తెలియనిది కాదు. మండువా లోగిలిలో పెరిగిన వారు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. నడుమ ఆకాశము కనుపించు ఆ చతురపు ఖాళీనుండి దిగు వెలుగు చుట్టు వసారాలలో కూర్చున్న వారి ముఖములమీద ఎట్లు పడెడిదో! ఒక ప్రక్క కొంచెము కాంతి, మరియొక ప్రక్క కొంచెము నీడ. నడుమ గీత యుండదు. విద్యుద్దీపములు అరుదైన కాలమున స్టూడియోలవారు దీనినే వెదకుకొనిరి. రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడపిన 1880ల నాడు, ఇట్టి స్టూడియోలకు సాధారణముగా గాజు కప్పులును, వాని క్రింద అవసరమును బట్టి లాగుటకు తెల్లని తెరలును ఉండెడివి.

సత్యజిత్ రాయ్ 1956లో విడుదల చేసిన ‘అపరాజితో’ చిత్రములో కాశీలోని ఇంటి ముంగిలి కనుపించును. అది కాశీ కాదు. కలకత్తా స్టూడియోలో కట్టిన సెట్టు. ఆరుబయట కట్టినచో వానలకు పాడగునని లోపల కట్టవలసి వచ్చెను. అట్టి ముంగిలికి పైనుండి దిగు నీడలేని వెలుతురు స్టూడియో దీపములనుండి ఎట్లు వచ్చును? ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రా ముంగిలిపై తెల్లని గుడ్డ పరపించి, దీపములను క్రిందినుండి దానిమీదికి గురిపెట్టించెను. గుడ్డ ఆకాశమైనది. మన గొడుగు ఆ గుడ్డకు చిన్న తమ్ముడు. మడచి చంకన పెట్టుకొని పోదగిన మండువా.

ఇక ఎన్నిక. గొడుగులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది పలుచని తెల్ల గుడ్డది. దీపపు వెలుగు దాని గుండ దూసుకొని పిల్లవానిమీద పడును. రెండవది లోపల తెలుపు, వెలుపల నలుపు. దీపము పిల్లవానికి వీపు త్రిప్పి గొడుగు బొర్రలోనికి చూచును, వెలుగు తిరిగి వచ్చును. మూడవది లోపల వెండిపూత గలది. బంగారుపూతవి కూడ దొరకును గాని, అవి మన పిల్లల ముఖములకు కామెర్ల రంగు పులుముటకు తప్ప నాకెన్నడును ఉపయోగపడలేదు.

దూసుకొనిపోవు గొడుగున కొక గొప్ప సుగుణము కలదు. దాని ఉబ్బు ముఖము పిల్లవానివైపు, కాడ దీపమువైపు ఉండును గనుక ముక్కునకు రెండడుగుల దూరము వరకును తీసికొనిపోవచ్చును. వెనుకకు త్రిప్పి వాడు గొడుగులో కాడ పిల్లవాని కంటివైపు పొడుచుకొని వచ్చును. అంత దగ్గరకు పోనీయదు. ఇంతకు ముందు చెప్పిన లెక్క ప్రకారము దగ్గరితనమే మెత్తదనము గదా. ఒక్క ముఖమునకు, చిన్న గదిలో, ఇదియే నా మొదటి ఎన్నిక.

కాని దీని దోషము కూడ నేను అనుభవించియే తెలిసికొంటిని. గొడుగుతో తీసిన తొలి సంవత్సరము నీడలు చక్కగా వచ్చెను. పిల్లల చెక్కిళ్లు మాత్రము పసరు పూసినట్లుండెను. గంటసేపు కెమెరాను నిందించితిని. తుదకు గోడవైపు చూచితిని. నడుము ఎత్తు వరకు ముదురు ఆకుపచ్చ రంగు! పలుచని గుడ్డ తనపై పడిన వెలుగులో కొంత భాగమును మాత్రమే ముందునకు పంపును. కొంత వెనుకకు విసరివేయును. అది గోడలకు తగిలి, వాని రంగు అంటించుకొని, నీడ భాగమున చేరును. తెల్లగోడల గదిలో ఇది ఉపకారమే. ఖర్చులేని రెండవ దీపము. రంగుగోడల గదిలో అపకారము. అచ్చట నల్లని వీపు గల గొడుగే వాడవలెను. లియొనార్డో డావిన్సీ చిత్రకారులకు చెప్పిన సలహాలలో ఒకటి ఇచ్చట మెచ్చుకొనదగినది. ముఖచిత్రములు వ్రాయుటకు గోడలకు నల్లరంగు పూసిన ముంగిలి ఉండవలెనని, ఎండ కాచినప్పుడు దానిపై నారగుడ్డ కప్పవలెనని ఆయన అభిప్రాయము. పై గుడ్డ వెలుతురును మెత్తపరచును. నల్లగోడ దానిని అదుపులో నుంచును. నల్ల వీపు గల తెల్లగొడుగులో ఈ రెండును ఒక్క కర్రకు కట్టబడి యున్నవి.

వెండిగొడుగు వెలుతురును పొదుపుగా వాడును. దీపము చిన్నదై, దూరము ఎక్కువైనప్పుడు అదియే గతి. కాని దాని మెరుపు కొంచెము కరకు. ఇచ్చట నాకొక మాట చెప్పవలసి యున్నది. నల్లని చర్మము తనపై పడిన వెలుగులో అధిక భాగమును మింగివేయును. కావున ఆ ముఖపు తీరును మనకు తెలుపునది చాలవరకు పైపొరమీద అద్దమునందు వలె ప్రతిఫలించు మెరుపు. దీపము చిన్నదైనచో ఆ మెరుపు చిన్న చుక్కయై కన్ను పొడుచును, తక్కినది చీకటి. దీపము విశాలమైనచో ఆ మెరుపే పలుచబడి, చెక్కిలి యెముక వెంట, ముక్కు దూలము వెంట, దవడ వెంట సన్నని కాంతిరేఖగా సాగి ముఖమును చెక్కినట్లు నిలుపును. పిల్లవాడు నల్లగా వచ్చుచున్నాడని వెలుతురు హెచ్చించుట, తరువాత యంత్రములో తెల్లబరచుట మన ఫొటోలవారికి అలవాటైనది. తల్లిదండ్రులే అడుగుదురని వారు చెప్పుదురు, అడుగుటయు నిజమే. కాని వెలుతురు హెచ్చించిన చుక్కలు ఇంకను తెల్లనగును, ముఖము బూడిదయగును. కావలసినది ఎక్కువ వెలుతురు కాదు, విశాలమైన వెలుతురు. నల్లని ఛాయకు నేను వెండిని విడిచి తెల్లని గుడ్డనే దగ్గరగా వాడుదును.

కళ్లద్దముల పిల్లలతో మరియొక తంటా. గొడుగు ఊచలతోసహా అద్దములలో ప్రత్యక్షమగును, సాలెగూడు పట్టినట్లుండును. గొడుగును ఇంకొంచెము ఎత్తి, ఒక ప్రక్కకు జరిపి, గడ్డమును ఇసుమంత దించుమన్న పోవును.

ఒక్క ముఖమునకు పనికివచ్చిన గొడుగు తరగతి మొత్తమునకు పనికిరాదు. దీపమునుండి దూరము రెట్టింపయినచో వెలుతురు నాల్గవ వంతగునన్న సూత్రమును కెప్లరు 1604లో ప్రకటించిన గ్రంథములోనే చెప్పియున్నాడు. ముందు వరుస నాలుగడుగులలో, వెనుక వరుస ఎనిమిది అడుగులలో ఉన్నచో, వెనుకవారికి నాల్గవ వంతే. ముందువారు సున్నము, వెనుకవారు బొగ్గు. అదే దీపమును పన్నెండడుగులకు జరిపినచో వెనుక వరుస పదునారు అడుగులలో ఉండును. అప్పుడు వారికి ముందువారికంటె సగమునకు కొంచెము పైగానే ముట్టును. జరిపిన కొలది గొడుగు చిన్నదగును గనుక అచ్చట అరువది అంగుళములదో, ఏడడుగులదో కావలెను. అది లేనివారు రెండు మధ్యరకపు గొడుగులను చెరియొక ప్రక్క నిలుపుకొనవచ్చును.

ఆ పెద్ద గొడుగు ఆరుబయటకు తీసికొనిపోయినచో ఏమగునో మా బడి వీడ్కోలు సభనాడు చూచితిమి. చెరువు వైపునుండి ఒక్క గాలి విసరు వచ్చెను. గొడుగు తెరచాపయై, స్టాండును కూడ లాగికొని, ముందు వరుస పెద్దలమీదుగా పల్టీ కొట్టెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఫ్లాషు పగిలినది, ఊచలు రెండు వంగినవి, పిల్లలకు ఆ సంవత్సరమంతయు చెప్పుకొనుటకు కథ దొరకినది. నాటినుండి బయట స్టాండు అడుగున పుస్తకముల సంచి వ్రేలాడదీయుదును, ఇద్దరు మగపిల్లలను కాపు ఉంచుదును. అసలు మిట్టమధ్యాహ్నపు ఎండతో పోటీపడుట గొడుగు చాటు చిన్న ఫ్లాషునకు శక్యము కాదు. వేపచెట్టు నీడ దొరకినచో గొడుగు విప్పకుండుటయే మేలు.

కొనువారు మరి రెండు సంగతులు చూచుకొనవలెను. అంగడివారు చెప్పు కొలత తరచు గుడ్డ వంపు వెంట కొలిచినది. విప్పిన గొడుగు అడ్డుకొలత అంతకంటె తక్కువ. గొడుగు కాడ సాధారణముగా 8 మిల్లీమీటర్ల మందముండును. కొన్ని దీపములకు 7 మిల్లీమీటర్ల కాడయే దూరును. ఇంటికి వచ్చి ఆకురాయితో కాడను అరగదీయుచు కూర్చున్నవానిని నేనెరుగుదును. అతని పేరు చెప్పను, ఈ వ్యాసము వ్రాయుచున్నది అతడే. బడికి ఒక్క గొడుగే కొనగలిగినచో, నలువదియైదు అంగుళముల తెల్లనిది, నల్లని తొడుగు తీసిపెట్టుటకు వీలైనది కొనుడు. తొడుగు ఉన్నప్పుడు ఒక గొడుగు, తీసినప్పుడు మరియొకటి.

మన కావ్యములలో శ్వేతచ్ఛత్రము రాజులకే పట్టుదురు. ఈ సంవత్సరము మా బడిలో దాని క్రింద అరువది ముగ్గురు కూర్చుండిరి. ఒక్కొక్కరికి రెండు నిమిషములు పట్టినది. చివరగా వచ్చిన పిల్ల ఆ మొదటి బాలిక చెల్లెలు. కెమెరా వెనుక తెరమీద తన ముఖము చూచుకొని ఏమియు అనలేదు. బయటకు పరుగెత్తి అక్కను పిలుచుకొని వచ్చినది. అక్క ఇప్పుడు ఇంటరు చదువుచున్నది. ఆమె ఆ బొమ్మను చాలసేపు చూచి, గుమ్మములోనే నిలిచి, “నాది కూడా ఒకటి తీస్తారా సార్?” అనెను. అప్పటికే మడచి సంచిలో పెట్టిన గొడుగును మరల విప్పితిని.