చౌటి ఎడారి జాతరకు తగిన సైకిలు

గత మాసమున మన సంఘపు సర్వసభ్య సమావేశము ముగిసి, ఎరువుల లెక్కలు సరిచూచుకొని సభ్యులు ఇండ్లకు మరలుచుండగా, వృద్ధ సభ్యులొకరు నన్ను వేపచెట్టు క్రిందికి పిలిచి ఒక సందేహ మడిగిరి. వారి కుమారుడు కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఈ వేసవి చివర నెవాడా ఎడారిలో జరుగు నొక జాతరకు పోదలచి, అచ్చట తిరుగుటకు సైకిలు కొనవలెనని తండ్రికి టెలిఫోనులో చెప్పినాడట. "ఇంటింట కారులున్న దేశములో సైకిలెందుకండీ? కొన్నచో ఎట్టిది కొనవలెను? మీరు ఇరువది యేండ్లుగా సైకిలుమీద తిరిగినవారు గదా" అని వారి ప్రశ్న. నా మేనకోడలు ఆ జాతరకు రెండుమారులు పోయి వచ్చినది. మఱియు అచ్చటి నేల మన కాలువ చివరి చౌటి నేలకు దగ్గరి చుట్టము. మన సభ్యులలో అనేకుల బిడ్డలు ఆ దేశమున నుండుటచే, సమాధానమును పత్రికాముఖముననే వ్రాయుచున్నాను.

ఆ జాతరకు బర్నింగ్ మాన్ అని పేరు. 1986వ సంవత్సరమున లారీ హార్వీ, జెర్రీ జేమ్స్ అను మిత్రు లిరువురు శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రతీరమున ఒక కొయ్యమనిషిని దహించిరి. చూడవచ్చినవారి సంఖ్య ఏటేట పెరిగి, 1990 మొదలు అది నెవాడా వాయవ్య భాగముననున్న బ్లాక్ రాక్ ఎడారికి మారినది. ఇప్పుడు ఆగస్టు మాసాంతమున సుమారు 70 వేలమంది అచ్చట గుడారములు వేసికొని వారము దినములకు పైగా నివసింతురు. కోవిడు కారణమున 2020, 2021 సంవత్సరములలో ఆ ఉత్సవము జరుగలేదు. త్రాగునీరు మొదలు నీడవఱకు ఎవరికి కావలసినది వారే మోసికొని పోవలయును. వీధులు గడియారపు ముఖమువలె తీర్పబడి, నడుమ ఆ కొయ్యమనిషి నిలుచును. ఒక కొననుండి మఱియొక కొనకు రెండు మైళ్లకు మించియే యుండును. వచ్చినవారి కారులు బసకు చేరినపిమ్మట కదలరాదు. అనుమతి పొందిన అలంకృత శకటములు మాత్రము గంటకు 5 మైళ్ల వేగమున మెల్లగా తిరుగును. కావున సైకిలులేనివాడు ఆ యెండలో కాలినడకన తిరుగవలసినదే.

ఇక నేల సంగతి. మంచుయుగమున ఆ ప్రాంతమునంతను లహోంటన్ అను మహాసరస్సు కప్పియుండెను. నీరు సముద్రమునకు పోవు దారి లేని పల్లమది. వానలు తగ్గి యెండలు హెచ్చినకొలది నీరు ఆవిరియై, అడుగున మెత్తని ఒండ్రును లవణములును మిగిలినవి. రీనో నగరమునుండి జాతరకు పోవు త్రోవకు సమీపముననున్న పిరమిడ్ సరస్సు ఆ మహాసరస్సు శేషమే. మురుగు పోవు దారిలేని మళ్లలో వేసవినాటికి తెల్లని పొర తేలుట చూచిన మన రైతులకు దీనిని వేఱుగ వివరింప నక్కరలేదు.

మేనకోడలు మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, ఆమె సంచి కుట్లలో నిలిచిన దుమ్మును చెంచాడు దులిపి నేను పరీక్షించితిని. నీటిలో కలిపి ఎఱ్ఱ లిట్మసు కాగితము ముంచగా నీలమైనది. పొడిమీద నిమ్మరసము పిండగా బుసబుస పొంగినది. వ్రేళ్లమధ్య రాచినచో జల్లించిన పిండివలె మెత్తన. చెప్పులు లేక ఆ దుమ్ములో తిరిగినవారికి అరికాళ్లు పగులునని ఆమె చెప్పినది. చౌటిమన్నుతో బట్టలుతికిన చాకలివారి చేతులను చూచినవారు దీనికి ఆశ్చర్యపడరు. ఇట్టి దుమ్ము సైకిలునకు రెండు విధముల శత్రువు. మెత్తనిదగుటచే ప్రతి సందునను దూరి ఒరయును. లవణములు గలదగుటచే, ఏమాత్రము తేమ తగిలినను ఇనుమును త్రుప్పు పట్టించును. అందలి క్షారము తడితో కూడి అల్యూమినియమును సైతము తినును.

మేనకోడలు మొదటిసారి పోయినప్పుడు ఇరువదియొక్క గేర్ల సైకిలు తీసికొని పోయినది. వెలగల బండి కదా, బాగుగ నడచునని ఆమె తలంపు. మూడవదినము రాత్రి దుమ్ముగాలి లేచినది. గేర్లు మార్చు సన్నని తీగ తన గొట్టములో బిగిసి, వెనుకనుండు చిన్న పండ్లచక్రములు దుమ్ము ముద్దయై, గొలుసు జారి చువ్వలలో పడెను. దీపపు బ్యాటరీయు అయిపోయినది. చీకటిలో బండిని మోయుచు నడచుచుండగా ఒక అలంకృత శకటము ఆమెకు బారెడు దూరమున ఆగినది. దానిముందు నడచుచున్న మనుష్యుడు కేక వేయకున్నచో ఏమి జరిగియుండెడిదో! ఈ సంగతి ఆమె తన తండ్రికి నేటికిని చెప్పలేదు. మా బావగారు ఈ పత్రిక చదువరు గనుక ధైర్యముగ వ్రాయుచున్నాను.

కావున కొనువారు మొదట చూడవలసినది, బండిలో ఎన్ని భాగములు తక్కువగా నున్నవి యనునదే. ఆ నేల పళ్లెమువలె చదును. ఎక్కుట దిగుట లేదు. గేర్లతో పనియే లేదు. ఒక్క గేరు, వెనుకకు త్రొక్కిన ఆగెడి బ్రేకు గల బండి శ్రేష్ఠము. ఆ బ్రేకు చక్రపు నడుమ డొల్లలో దాగియుండును గనుక దుమ్ము సులువుగ చేరదు; తీగలు లేవు, రబ్బరు ముక్కలు లేవు. 1933వ సంవత్సరమున అమెరికాలో ష్విన్ కంపెనీవారు 2⅛ అంగుళముల వెడల్పు టైర్లతో బరువైన బండినొకదానిని తెచ్చిరి. ఆ వంగడమునకు జెందిన క్రూజరు బండ్లే నేడు ఆ జాతరకు మిక్కిలి తగినవి. వెడల్పు టైరు ఎందులకనగా, ఆ యెడారిలో గట్టిపొరమీద అక్కడక్కడ మెత్తని దుమ్ము మేటలు వేసియుండును. సన్నని టైరు వానిలో కత్తివలె దిగి మనిషిని ముందునకు పడవైచును. వెడల్పు టైరులో గాలి కొంత తగ్గించి నడపినచో మేటమీద తేలిపోవును. నాలుగంగుళముల టైర్లును దొరకును గాని, వానిని త్రొక్కుటకు ఎద్దు బలము కావలయును.

మన పల్లెలలో పాలబిందెలు మోయు నల్ల సైకిలు కూడ ఈ పరీక్షలో చాలవఱకు నెగ్గును. ఒక్క గేరు, గొలుసునంతను కప్పు రేకుపెట్టె, ఎవరైనను విప్పి బిగింపగల నట్లు అందున్నవి. టైరు సన్నమగుట యొక్కటే దాని లోపము. మేనకోడలితో ఈ మాట చెప్పగా, "మామయ్యా, అక్కడ అట్టి బండి నెక్కినచో అందఱును దానితో ఫొటో దిగుదురు" అని నవ్వినది.

క్రొత్తబండి కొననక్కరలేదు. పాతది కొన్నచో గొలుసును కొలిచి చూడవలయును. గొలుసున ఒక సీలనుండి ప్రక్క సీలకు అర అంగుళము. కావున 24 లంకెలు సరిగా 12 అంగుళము లుండవలెను. బద్దతో కొలువగా 12⅛ అంగుళములు వచ్చినచో సీలలు అరిగినవని యర్థము. అట్టి గొలుసు పండ్లచక్రమును గూడ పాడుచేయును. పిమ్మట చక్రము నెత్తి త్రిప్పి చెవి యొగ్గి వినవలయును. కరకర వినవచ్చినచో బేరింగుల గుండ్లు అరిగినవి.

నూనె విషయమున నా సొంత తప్పు నొకదానిని చెప్పవలసియున్నది. పదునైదేండ్ల క్రిందట నేను ఒక కాలువ చివరి గ్రామమున జిప్సము ప్రదర్శనము పెట్టితిని. చౌటి మడిలో జిప్సము కలియదున్ని, నీరు నిలువగట్టి, ఉప్పును క్రిందికి దింపి మురుగుకాలువలోనికి వదలవలయును. వంతు నీరు ఆ యొక్కనాడే. గొలుసునకు ఎంత నూనె పోసిన అంత మేలని తలచి, నేను ట్రాక్టరు ఇంజనులోని పాతనూనెతో దానిని తడిపియుంచితిని. రెండు మాసములు చౌటి బాటలలో తిరుగగా ఆ నూనెయు దుమ్మును గలసి సానపెట్టు ముద్దవంటిదై, సీలలను తినివేసినది. నాలుగు మైళ్లు మిగిలియుండగా గొలుసు తెగినది. సైకిలును నడిపించుకొని చేరునప్పటికి వంతు దాటి నీరు ప్రక్క రైతు పొలమునకు మరలినది. ఆ యేడు ఆ మడిలో నారు పడలేదు. రైతు నన్నొక మాటయు అనలేదు. అది మఱింత బాధించినది.

అందుచే తడినూనె కూడదు. గొలుసును ఊడదీసి కిరసనాయిలుతో కడిగి, ఆ వాసన పోవువఱకు ఆరబెట్టి, కఱగిన కొవ్వొత్తి మైనములో ముంచి తీసి, వ్రేలాడగట్టి చల్లార్చవలయును. మైనమును వేడినీటి గిన్నెలో మఱియొక గిన్నె నుంచి కఱిగింపవలెనే గాని మంటమీద నేరుగ పెట్టరాదు. అమెరికాలో మైనము కలిసిన పొడినూనె సీసాలలోను దొరకును. జాతరకు పోవుటకు ముందుగనే ఈ పని ముగించి, పైన అంటినది గుడ్డతో తుడిచివేయవలయును. లంకెల లోపల నుండవలసినది పైన నున్నచో దుమ్ము నాకర్షించుటకే పనికివచ్చును. ఎడారిలో దినమునకొకమారు పొడి కుంచెతో దులుపుట చాలును.

పంక్చరు మాట. ఎడారి నడుమ మొక్క మొలవదు, ముల్లును లేదు. దారిలోని ఊళ్ల అంచులలో మాత్రము మన పల్లేరుకాయయే కాచుకొనియుండును! అది మన ఖండములనుండి అచ్చటికి చేరిన కలుపు మొక్క. అచ్చటివారు దానిని మేకతల యందురు. కావున ఒక ట్యూబు, పంపు, అతుకు సామగ్రి, రెండు పానాలు వెంట నుంచుకొనవలెను. తాళము అంకెలు త్రిప్పునది మేలు. చెవి దుమ్ములో పడిన దొరకదు. వేలకొలది బండ్లలో తనదానిని గుర్తించుటకు రంగుగుడ్డ కట్టి, పేరును బస గుర్తును వ్రాయవలయును. దీపములు ముందు వెనుకలనే గాక ప్రక్కలకును కనబడవలెను. ఆరని బ్యాటరీలు వేఱుగ నుంచుకొనుట మేనకోడలు రెండవసారి మఱువలేదు. దుమ్ముగాలి లేచి చేయి కనబడనప్పుడు త్రొక్కుట మాని దిగి, దీపము వెలుగుచుండగా శకటముల దారి విడిచి నిలువవలయును.

వాన పడినచో ఏ సైకిలును పనికిరాదు. 2023 సెప్టెంబరు ఆరంభమున అచ్చట వాన కురిసి, నేల అంతయు జిగట బంక అయినది. చక్రములకు బురద దట్టముగ పట్టి కదలనీయదాయెను. జనులు కొన్ని దినములు ఉన్నచోటనే నిలిచిపోయిరి. కొయ్యమనిషి దహనమును సోమవారమునకు వాయిదా పడినది. తడిసిన చౌటి మడిలో బండి దింపినవాడెవడైనను దీనిని నమ్మును. అట్టిచో సైకిలును గుడారమున నుంచి నేల ఆరువఱకు వేచియుండుటయే దారి.

తిరిగివచ్చిన పిమ్మట చేయవలసిన పని కొన్నప్పటి పనికంటె ముఖ్యము. ఎడారిలో కడుగరాదు, కడిగిన నీరు నేలపై పోయుట అచ్చటి కట్టుబాటునకు విరుద్ధము. ఇల్లు చేరి మొదట పొడిగ దులిపి, ఒక పాలు వెనిగరును నాలుగు పాళ్లు నీటిలో కలిపి, గుడ్డ ముంచి బండినంతను తుడువవలయును. పులుపు క్షారమును విఱుచును. వెంటనే మంచినీటితో మఱల తుడిచి ఆరబెట్టవలెను. పులుపును లోహమున నిలిచినచో కీడే. నీటిని ధారగా బేరింగులపై కొట్టరాదు. విప్పుటకు వీలగు బేరింగులను విప్పి, పాత గ్రీజు తీసి క్రొత్తది పెట్టవలయును. ఇది ఒక మధ్యాహ్నపు పని. మన చౌటి మడికి వెనిగరు వాడవచ్చునా యని ఎవరైన అడుగుదురేమో, మడికి జిప్సమే.

ఈ యొక్క మధ్యాహ్నపు శ్రమకు వెఱచి, చవకగా కొన్న బండ్లను అచ్చటనే విడిచిపోవువారు గలరు. కొన్ని సంవత్సరములలో అట్టివి వేలకొలది మిగిలినవి. ఏ జాడయు విడువరాదనునది ఆ జాతర నియమము. నియమము విన్నవారే విడిచిపోవుట నాకు బొత్తిగ నచ్చలేదు. మన సభ్యుని కుమారునకు నేను వ్రాసిన ఉత్తరమున ఈ మాటను రెండుమార్లు వ్రాసితిని.

మేనకోడలు రెండవసారి వాడిన క్రూజరు ఆమె యింటి కారు కొట్టమున గోడకు వ్రేలాడుచున్నది. గత వారము నా మాటమీద గొలుసు కొలిచినది. 12 అంగుళములకు బద్దపై వెండ్రుకవాసి హెచ్చు. ఇంకొక యేడు నడచునని చెప్పితిని.