బుడగ చేసే గాయం

కళ్లజోళ్ల దుకాణాల్లో, నగల షాపుల్లో నీళ్లు పోసిన చిన్న స్టీలు తొట్టి ఒకటి ఉంటుంది. స్విచ్ వేస్తే సన్నగా రొద చేస్తూ, బ్రష్షు దూరని సందుల్లోని మురికిని కూడా వదిలిస్తుంది. అలాంటి తొట్టి సాయంతో మొక్కల్లోకి కొత్త జన్యువులు పంపవచ్చని 1997లో హెరాల్డ్ ట్రిక్, జాన్ ఫైనర్ ప్రకటించారు. ఇద్దరూ అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వారు.

అప్పటికి ఈ పనిలో రెండు పద్ధతులు పోటీ పడుతున్నాయి. ఒకటి, కార్నెల్‌లో జాన్ శాన్‌ఫర్డ్ బృందం తయారుచేసిన జన్యు తుపాకీ. లోహపు రేణువులకు డీఎన్‌ఏ పూసి కణాల్లోకి పేల్చేస్తుంది. రెండోది ఆగ్రోబాక్టీరియం. మొక్కలకు కంతులు లేపే ఈ నేల సూక్ష్మజీవికి తన డీఎన్‌ఏ ముక్కను మొక్క కణంలో చేర్చడం పుట్టుకతో వచ్చిన విద్య. తుపాకీ తరచూ ఒకే జన్యువును ముక్కలుగా, పలు ప్రతులుగా చల్లేస్తుంది. బాక్టీరియా పని శుభ్రంగా ఉంటుంది, నా మొగ్గు దానివైపే. కాకపోతే అది లోపలికి వెళ్లాలంటే గాయం కావాలి. కత్తిగాటు పడేది ఒకటి రెండు చోట్లే. కొత్త మొక్కగా ఎదగగల కణాలేమో పొరల కింద ఉంటాయి.

తొట్టి అక్కరకొచ్చింది ఇక్కడే. చెవికి అందని శబ్దం నీటిని లాగుతూ, నొక్కుతూ సాగుతుంది. లాగినప్పుడు బుడగలు పుట్టి ఉబ్బుతాయి, నొక్కినప్పుడు ఒక్కసారిగా కూలిపోతాయి. నడినీటిలో ఉన్న బుడగ అన్ని వైపుల నుంచీ సమంగా కుంచించుకుపోతుంది. పక్కన గట్టి తలం ఉంటే మాత్రం ఆ వైపు నీరు త్వరగా వచ్చి చేరలేదు. అవతలి వైపు నీరే బుడగను చీల్చుకుని, సన్నని ధారగా మారి ఆ తలాన్ని పొడుస్తుంది. ఓడల ప్రొపెల్లర్లను గుంటలు పడేలా తినేసేవీ ఇలా కూలే బుడగలే.

గాజు గొట్టంలో బాక్టీరియా ఉన్న ద్రవం పోసి, అందులో మొక్క కణజాలం వేసి, ఆ గొట్టాన్ని తొట్టిలో కొద్ది సెకన్లో నిమిషాలో ఉంచుతారు. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే కణజాలమంతటా సన్నని పగుళ్లు, సొరంగాలు కనిపించాయి. ఇంకో మేలూ ఉంది. గాయపడిన కణాలు విడిచే ఎసిటోసిరింగోన్ లాంటి రసాయనాలే బాక్టీరియాలోని జన్యు బదిలీ యంత్రాంగాన్ని మేల్కొలుపుతాయి. తలుపు తీసేదీ, కబురు పంపేదీ ఒకే గాయం!

సోయా, అలసంద, గోధుమ, మొక్కజొన్న వంటి వాటి కణజాలాల్లో, బదిలీ జరిగిందో లేదో చూపే గుర్తు జన్యువు వ్యక్తీకరణ 100 నుంచి 1400 రెట్లు పెరిగింది. అది తాత్కాలిక వ్యక్తీకరణే. శాశ్వతంగా నిలిచింది సోయాలోనూ, ఒహాయో బకై చెట్టులోనూ. తర్వాత శనగ, అవిసెల మీద కూడా ఈ పద్ధతిని వాడారు.

సమయం మించితే కణాలే చచ్చిపోతాయి. ఏ మొక్కకు ఎంతసేపన్నది ప్రతి ల్యాబూ పరీక్షించి తేల్చుకోవలసిందే. ఆ ఓపిక ఉండి, జన్యు తుపాకీ కొనే స్తోమత లేని ల్యాబుకు నేను సిఫారసు చేసేది ఈ పద్ధతినే.