తుపాకీ ఎవరి చేతిలో? – గోదావరి సరిహద్దులో ఆయుధాల చట్టం కథ

అల్లూరి సీతారామరాజు పాఠం మనమందరం చదివినదే. పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులు తీసుకెళ్ళాడని పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. కానీ ఆయన తుపాకుల కోసం పోలీసు స్టేషనుకే ఎందుకు వెళ్ళాడు? బయట ఎక్కడా దొరికేవి కావా? ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే ఒక చట్టం కథ బయటపడింది. అది మన వరంగల్ దాకా వచ్చే కథ. అందుకే మిత్రులతో పంచుకుంటున్నాం.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషువారికి పట్టుకున్న భయం ఒక్కటే. ఈ దేశ ప్రజల చేతిలో ఆయుధం ఉండకూడదు. వైస్రాయి లిట్టన్ కాలంలో 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం, అమ్మడం, విదేశాల నుండి తెప్పించడం నేరమయ్యాయి. మామూలు నేరానికి మూడేళ్ళు, రహస్యంగా దాచి చేసినదైతే ఏడేళ్ళ దాకా జైలు. అయితే యూరోపియన్లకు ఈ చట్టం నుండి మినహాయింపు ఇచ్చారు. కొడగు ప్రాంతపు కొడవలకూ ఇచ్చారు. అంటే తుపాకీ ప్రమాదకరమా కాదా అన్నది ప్రశ్న కాదు, ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని మార్చాలని కోరింది. జాతిని బట్టి ఇచ్చే మినహాయింపు పోవడానికి 1920 నియమాల దాకా ఆగవలసి వచ్చింది.

ఇక మన ప్రాంతం సంగతి. ఆ రోజుల్లో వరంగల్ బ్రిటిషు ఇండియాలో లేదు, నిజాం సంస్థానంలో ఉంది. ఖమ్మం ప్రాంతం 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది. గోదావరికి ఇవతలి ఒడ్డు నిజాముది. అవతలి ఒడ్డున ఉన్న భద్రాచలం 1860లో బ్రిటిషువారికి వెళ్ళింది, 1874లో గోదావరి జిల్లాలో కలిసింది. నది ఒకటే, అడవి ఒకటే, రెండు ఒడ్డులా ఉన్న కోయలు ఒకటే. ప్రభుత్వాలు మాత్రం రెండు. ఇలాంటి సరిహద్దులో కాగితం మీది చట్టాన్ని అమలు చేయడం తేలిక కాదు.

చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప తిరుగుబాటు మొదలైంది. కల్లు మీద వేసిన పన్నూ, పోలీసుల దోపిడీ భరించలేక కొండ ప్రజలు తిరగబడ్డారు. వారు మొదట తాకినవి పోలీసు స్టేషన్లనే. అడ్డతీగల స్టేషనును తగలబెట్టారు. తిరుగుబాటు భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. దీన్ని అణచడానికి పోలీసులతో పాటు మద్రాసు కాల్బలం నుండి ఆరు రెజిమెంట్లు, వాటికి తోడు హైదరాబాదు నుండి కూడా ఒక పటాలం రావలసి వచ్చింది.

నలభై మూడేళ్ళ తర్వాత మళ్ళీ అదే మన్యంలో సీతారామరాజు లేచాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు దొరికాయి. ఏమేమి తీసుకెళ్ళిందీ స్టేషను రికార్డులో రాసి మరీ వెళ్ళాడు. మా ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. లైసెన్సు చట్టం అన్ని దారులూ మూసేసింది. ఇక మన్యంలో తుపాకులు మిగిలిన చోటు సర్కారు వారి స్టేషను ఒక్కటే. ప్రజలకు తుపాకులు అందకుండా కట్టిన గోడలోనే ఆ తలుపు తెరుచుకుంది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకు వెళ్ళేసరికి ఆయుధాలు దొరకలేదు. ప్రభుత్వం తన తుపాకులను తన స్టేషన్లలోనే ఉంచుకోలేని పరిస్థితి వచ్చింది. మలబారు స్పెషల్ పోలీసులనూ, తర్వాత అస్సాం రైఫిల్స్‌నూ దించారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు.

ఇదే కాలంలో దేశపు వాయవ్య సరిహద్దులో కథ వేరుగా నడిచింది. యూరపులో తయారైన తుపాకులు మస్కట్ రేవుకు చేరి, అక్కడి నుండి పడవల్లో మక్రాన్ తీరానికీ, ఒంటెల మీద అఫ్ఘనిస్తాన్‌కూ, చివరికి పఠాన్ల చేతికీ వెళ్ళేవి. బ్రిటిషు యుద్ధనౌకలు ఏళ్ళ తరబడి ఆ తీరాన్ని కాపు కాశాయి. 1912లో మస్కట్‌లో ఆయుధాలన్నీ ఒకే గిడ్డంగిలో పెట్టి, అనుమతి ఉంటేనే బయటికి వదిలే పద్ధతి తెచ్చారు. తుపాకీ తయారుచేసి లాభం తీసుకున్నది యూరపు వ్యాపారులు. నేరస్థుడని పేరు పడింది మాత్రం కొండల్లో దాన్ని పట్టుకున్నవాడికి.

మన వైపు చూస్తే నిజాం రాజ్యంలో తుపాకీ గడీలో ఉండేది, పేదవాడి గుడిసెలో కాదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. ఊరేగింపులో ఉన్న జనం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు. సాయుధ పోరాటం మొదలయ్యాక దళాలు కూడా గడీల నుండీ, పోలీసుల నుండీ గుంజుకున్న తుపాకులతోనే బలపడ్డాయి. రంపలో జరిగిందే ఇక్కడా జరిగింది.

1948 నాటికి హైదరాబాదు సంస్థానం చుట్టూ భారత ప్రభుత్వం దిగ్బంధం పెట్టింది. అప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుండి విమానాల్లో నిజాముకు ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. కాటన్‌కు ఇంగ్లండులో పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా! అటు, రాజు అనుచరుడైన గాము మల్లుదొర ఏళ్ళ తరబడి జైల్లో మగ్గాడు. ఈ రెండు శిక్షలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆ చట్టాలు ఎవరి వైపు నిలబడ్డాయో వేరే చెప్పనక్కర లేదు.

అయితే అందరికీ తుపాకీ ఇస్తే న్యాయం జరుగుతుందా? ఈ ప్రశ్న 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలోనే వచ్చింది. ఆయుధం కలిగి ఉండటం ప్రాథమిక హక్కు కావాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సభ కూడా ఆ సవరణను తిరస్కరించింది. బాబాసాహెబ్ నిర్ణయం మాకు సరైనదనే తోస్తుంది. తుపాకీ అందరికీ హక్కయితే ముందు కొనేది గడీయే, గుడిసె కాదు. 1878 చట్టం స్థానంలో 1959 చట్టం వచ్చి 1962 నుండి అమలైంది. ఆయుధం బదులు రాజ్యాంగం మనకిచ్చింది సమానత్వం, ఓటు.

వాటి విలువ ఎంతో తెలియాలంటే మల్లుదొర కథ చివర కూడా వినాలి. ఒకప్పుడు తుపాకీ పట్టినందుకు సర్కారు వేటాడిన ఆ గిరిజనుడే 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పోలీసు స్టేషను తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళవలసి వచ్చిన మనిషి పార్లమెంటులోకి మాత్రం జనం వేసిన ఓట్లతో నడిచి వెళ్ళాడు.

మిత్రులారా! మన హాస్టల్లో కోయ, లంబాడా, మాదిగ, మాల ఇళ్ళ పిల్లలం ఒకే పంక్తిలో కూర్చుని తింటున్నాం. ఏ చట్టాన్ని చదివినా ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకుందాం: ఇది ఎవరిని నమ్ముతోంది, ఎవరిని అనుమానిస్తోంది? రేపు మనలో కొందరం పోలీసులం, వకీళ్ళం, అధికారులం అవుతాం. ఆ రోజు కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా ఈ ప్రశ్నను మరచిపోకూడదని మా కోరిక.