నీలం టార్చి చూపించని సంగతులు

ఆప్టికల్ షాపుల్లో ఓ చిన్న ప్రదర్శన తరచూ కనిపిస్తుంది. కౌంటర్ దగ్గరి కుర్రాడు పెన్నులాంటి టార్చి తీసి తెల్ల కార్డు మీద ఊదా వెలుగు వేస్తాడు. కార్డు మీద రంగు మచ్చ పడుతుంది. మధ్యలో మామూలు అద్దం అడ్డం పెట్టినా మచ్చ పడుతుంది. ‘బ్లూ కట్’ అద్దం పెడితే మాత్రం కార్డు తెల్లగానే ఉండిపోతుంది. “చూశారా మేడమ్, కంప్యూటర్ లైటంతా ఆపేసింది!” అంటాడు. మేడమ్ గారు పర్సు తీస్తారు.

ప్రదర్శనలో మోసం లేదు, చెప్పిన మాటలోనే తిరకాసు ఉంది. ఆ టార్చి వెదజల్లేది సాధారణంగా 405 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల తెరల నుంచి వచ్చే నీలం ఎక్కువగా 450 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. రంగు పెద్దగా కనపడని బ్లూ కట్ అద్దం మొదటి రకాన్ని గట్టిగా ఆపుతుంది, రెండోదాన్ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. దాన్ని కూడా నిజంగా ఆపాలంటే అద్దం పసుప్పచ్చగా మారాలి. అలాంటి కళ్ళజోడు పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు అరుదు.

ఇంతకీ ఆపాల్సిన అవసరం ఉందా? 17 ప్రయోగాలను కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2023లో వెలువడింది. తెర ముందు పనిచేసేవాళ్ళ కంటి అలసటను మామూలు అద్దాలకన్నా ఇవి తగ్గిస్తాయన్న ఆధారం, కనీసం కొద్దికాలపు వాడకంలో, అందులో దొరకలేదు. ఎండలో నిలబడితే కంట్లో పడే నీలం ముందు తెర ఇచ్చేది చాలా తక్కువ. బ్రిటన్‌లో బూట్స్ ఆప్టీషియన్స్ సంస్థ ఇలాంటి అద్దాల గురించి అతిగా ప్రచారం చేసుకున్నందుకు అక్కడి జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ 2017లో 40,000 పౌండ్ల జరిమానా వేసింది. తెర చూస్తున్నప్పుడు కళ్ళు మండటానికి ముఖ్య కారణం రెప్పవేయడం తగ్గిపోవడం, గంటల తరబడి దగ్గరి వస్తువు మీదే చూపు నిలపడం. ఈ రెండింటినీ ఏ కోటింగూ సరిచేయలేదు.

‘అద్దాలు పెడితే నంబరు పెరుగుతుంది’ అన్నది ఇంకా మొండి అపోహ. అందుకే కొందరు తల్లిదండ్రులు “ఒక పాయింటు తగ్గించి రాయండి డాక్టర్‌గారూ” అని బతిమాలుతుంటారు. మలేషియా పరిశోధకులు ఈ పనే చేసి చూసి, 2002లో ఫలితం ప్రకటించారు. దూరం సరిగా కనపడని 94 మంది పిల్లల్లో కొందరికి పూర్తి నంబరు, మిగతావారికి సుమారు 0.75 తగ్గించి ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత తగ్గించి ఇచ్చినవాళ్ళ నంబరే ఎక్కువ పెరిగింది.

ఇక పల్చదనం సంగతి. 1.5, 1.6, 1.67, 1.74... ఈ అంకె పెరిగేకొద్దీ బిల్లూ పెరుగుతుంది కాబట్టి చూపు కూడా మెరుగవుతుందనుకుంటారు. ఆ అంకె వక్రీభవన గుణకం. అది పెరిగితే అదే నంబరును పల్చటి అద్దంతో సాధించవచ్చు, అంతే. స్పష్టత విషయంలో పాత సీఆర్-39 ప్లాస్టిక్‌దే పైచేయి. రంగులు విడిపోకుండా చూపించడాన్ని కొలిచే ఆబీ విలువ దానికి 58 దాకా ఉంటే, 1.67, 1.74 రకాలకు 32, 33 దగ్గర ఆగుతుంది. అందుకే పెద్ద నంబరున్న పల్చటి అద్దాల అంచుల్లోంచి ట్యూబ్‌లైటును చూస్తే చుట్టూ సన్నటి రంగుల గీత కనబడుతుంది. పైగా ఇవి వెలుతురును ఎక్కువగా తిప్పికొడతాయి. మామూలు ప్లాస్టిక్ రెండు వైపులా కలిపి సుమారు 8 శాతం తిప్పికొడితే, 1.67 దాదాపు 12 శాతం. యాంటీ రిఫ్లెక్షన్ కోటింగుకు పెట్టిన డబ్బు ఇక్కడ వృథా పోదు.

మైనస్ 2 నంబరుకు 1.74 కొనడం దండగ. మైనస్ 8కి తేడా కంటికి కనబడుతుంది. అయితే షాపులో ఎవరూ గట్టిగా చెప్పని కిటుకు ఫ్రేములో ఉంది. 56 మిల్లీమీటర్ల వెడల్పు అద్దం బదులు 46 మిల్లీమీటర్లది ఎంచుకుంటే, నంబరు వల్ల అంచుల్లో పెరిగే మందం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. 1.5 నుంచి 1.67కి మారితే తగ్గేది నాలుగో వంతే! ముఖమంతా కప్పే ఫ్రేములు ఫ్యాషనైన రోజుల్లో ఈ లెక్క అమ్మకానికి పనికిరాదు మరి.

‘పగలదు’ అంటే ‘గీతలు పడవు’ అని కాదు. పాలికార్బొనేట్ దెబ్బకు తట్టుకుంటుంది, పిల్లలకు, ఆటగాళ్ళకు మంచిది. గీతలు మాత్రం సులువుగా పడతాయి, హార్డ్ కోటింగ్ తప్పనిసరి.

నల్లటి అద్దమైతే చాలు, కంటికి రక్షణేనని అనుకోవడం ప్రమాదకరం. అతినీలలోహిత కిరణాలను ఆపని ముదురు రంగు అద్దం వెనుక కంటిపాప విప్పారి, ఆ కిరణాలకు ఇంకాస్త దారి ఇస్తుంది. చూడాల్సింది ‘యూవీ 400’ గుర్తు. ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలదీ ఓ విచిత్రం. వేడి పెరిగేకొద్దీ అవి తక్కువగా నల్లబడతాయి. మే నెల రామగుండం ఎండలో కన్నా శీతాకాలపు కశ్మీర్‌లోనే అవి బాగా నల్లబడతాయి. కారు ముందద్దం అతినీలలోహితాన్ని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి, డ్రైవింగ్ సీట్లో వాటి పనితనం అంతంతమాత్రమే.

చత్వారం వచ్చినవాళ్ళకు రెడీమేడ్ జోళ్ళు కళ్ళు పాడుచేస్తాయన్నది మరో భయం. రెండు కళ్ళకూ ఒకే నంబరు ఉండి, సిలిండర్ (ఆస్టిగ్మాటిజం) నంబరు లేకపోతే, చదువుకోవడానికి అవి పనికొస్తాయి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. అద్దాలు లేనివారితో పోలిస్తే వారి ఆకుకోత దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. అదే ఏడాది ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ‘కంటి వెలుగు’ శిబిరాల్లోనూ రీడింగ్ గ్లాసులు అక్కడికక్కడే ఇచ్చారు. రెడీమేడ్‌తో వచ్చే అసలు చిక్కు వేరు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానేస్తే లోపల చప్పుడు లేకుండా పెరిగే నీటికాసులు బయటపడవు.

ప్రోగ్రెసివ్ అద్దాలు ‘అందరికీ పడవు’ అంటారు. నిజానికి చాలామందికి ఒకటి రెండు వారాల్లో అలవాటవుతాయి. పక్కల మసక వాటి నిర్మాణంలోనే ఉంది, ఎంత ఖరీదైనదైనా పూర్తిగా పోదు. మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూస్తే మెట్టు మసకబారుతుంది, గడ్డం వంచి పై భాగంలోంచి చూడాలి. అలవాటు కాకపోవడానికి చాలాసార్లు కారణం కొలతల్లో ఉంటుంది. రెండు కంటిపాపల మధ్య దూరం, ఫ్రేము ముక్కు మీద కూర్చున్నప్పుడు పాప ఎదురుగా వచ్చే ఎత్తు రాసుకోకుండా కోసిన అద్దం ఎంత పెట్టి కొన్నా తలనొప్పే. రెండు వారాలైనా కుదరకపోతే దాన్ని సొరుగులో పడేయకుండా షాపుకు తీసుకెళ్ళి ఆ ఎత్తు మళ్ళీ చూపించుకోవచ్చు. ఒక్కోసారి ముక్కు దగ్గరి ప్యాడ్లు కాస్త సవరిస్తే సరిపోతుంది.