గోదాదేవి ఊరి వెనుక పులి కొండలు

విల్లిపుత్తూరు తెలుగువారికి కొత్త ఊరేం కాదు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ కథ నడిపింది అక్కడే. విష్ణుచిత్తుడి పూలతోట, గోదాదేవి ముడిచి విడిచిన దండ మనకు ఇంటి సంగతులంత చనువు. అదే ఊళ్లో నిలబడి పడమటికి చూస్తే, 11 అంతస్తుల గోపురం దాటి నీలంగా కొండల వరుస. అక్కడ పెద్దపులి ఉంది.

బూడిదరంగు పెద్ద ఉడుతల కోసం 1988లో ఏర్పడిన శ్రీవిల్లిపుత్తూరు అభయారణ్యాన్నీ, పక్కనున్న మేగమలై అడవినీ కలిపి 2021 ఫిబ్రవరిలో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 1,016 చదరపు కిలోమీటర్లు. దేశంలో ఇది 51వది, తమిళనాట అయిదోది. అవతల కేరళలోని పెరియార్ పులుల అడవి దీన్ని ఆనుకునే ఉంది.

శాస్త్రవేత్తలు ‘పాంథెరా టైగ్రిస్ టైగ్రిస్’ అనే ఈ ఉపజాతికి వాడుక పేరు బెంగాల్ పులి. పేరు బెంగాల్‌దైనా, పడమటి కనుమలు దాని పెద్ద నెలవుల్లో ఒకటి. 2022 అంచనా ప్రకారం దేశంలో సగటున 3,682 పులులున్నాయి. తమిళనాడులో 2018లో 264 ఉన్నవి 306కు పెరిగాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు గనుక, అడవిలో కెమెరాలు తీసిన ఫొటోల్లో చారలు పోల్చి లెక్క తేలుస్తారు.

ఒక్కో పులికి ఏడాదికి దాదాపు 50 పెద్ద జంతువులు కావాలి. అంటే కణుజులు, దుప్పులు, అడవిపందులు మందలుగా బతకాలి. వాటికి గడ్డి కావాలి, ఎండల్లోనూ ఎండని వాగు కావాలి.

మేగమలైలో ఆ ఏర్పాటంతా ఉంది. కొండ అడుగున ముళ్లపొదలు, నడుమ ఆకురాల్చే చెట్లు, పైన మబ్బుల్లో తడిసే సతతహరిత వనం. అక్కడ కురిసిన వాన అంతా ఒక్కసారిగా పారిపోకుండా నేలలో ఇంకి, వాగులుగా మెల్లగా దిగుతుంది. వరుసనాడు లోయలో వైగై పుట్టేది ఇలాగే. మదురై గొంతు తడిపేది ఈ నదే.

ఈ నీటి దిగువనే తెలుగువాళ్ల ఊళ్లు వెలిశాయి. విజయనగరం తరఫున 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాక, పాళెగాళ్ల వెంట ఎన్నో కుటుంబాలు దక్షిణానికి వచ్చాయి. కంబం లోయలో, రాజపాళయంలో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రెండింట్లోనూ పులి పులే! 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని పాలించిన పి.ఎస్. కుమారస్వామి రాజాది రాజపాళయమే. తెల్లటి ఒళ్లు, గులాబి ముక్కు ఉన్న ఈ ఊరి వేటకుక్క 2005లో తపాలా బిళ్లకెక్కింది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగింది, కుక్క మాత్రం ఇళ్లకు కాపలాగా మిగిలింది.

కోయంబత్తూరు వైపు వెళ్తే పొళ్లాచ్చి, ఉడుమలైపేట పల్లెల్లో తెలుగు రైతులకు ఆనమలై కొండలే పైవాళ్లు. 2007లో పులుల అభయారణ్యమైన ఆ కొండల నుంచీ, పొరుగునున్న పరంబికుళం అడవుల నుంచీ వచ్చే నీరే ఆళియారు కాలువల్లో పారుతుంది. కొండపైన వాల్పారై తేయాకు తోటల మధ్య అడవి ముక్కలుగా మిగిలింది. రాత్రిపూట ఆ తోటల్లో చిరుతలు తిరుగుతాయి. కూలీల ఇళ్లలో పొద్దుగూకితే పిల్లల్ని బయటికి పంపరు.

మేగమలైకీ చిక్కులున్నాయి. వరుసనాడు లోపలి సాగు భూముల వివాదం పాతదే. ఆడి అమావాస్యకు సతురగిరి కొండెక్కే భక్తజనం ఇదే అడవి దారిన నడుస్తారు.

చిత్ర పౌర్ణమినాడు మదురైలో అళగర్ స్వామి బంగారు గుర్రమెక్కి వైగైలో దిగుతాడు. ఆ వేడుక కోసం ఎగువన వైగై ఆనకట్ట తలుపులెత్తి నీళ్లు వదులుతారు. అందులో మేగమలై వాగుల నీరుంది, 1895 నుంచి సొరంగం గుండా ఇటు మళ్లిన పెరియార్ నీరూ ఉంది. గట్టు మీద లక్షల మంది ఎదురుచూసే ఆ నీటి తొలి మడుగుల్లో పులి దప్పిక తీర్చుకుంటుంది.