ఊరి క్లినిక్‌కు సరిపోయే నర్సింగ్ చదువు

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు నడిపే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులకు ఈ డిగ్రీయే అర్హత. పశ్చిమ ప్రకాశంలోని కురిచేడు లాంటి మండలంలో ఆ కుర్చీలో కూర్చున్న నర్సమ్మకు డాక్టరు నెలలో కొన్ని రోజులే తోడుంటారు. మిగతా రోజుల్లో బీపీ, షుగర్ చూసి మందులివ్వడం, గర్భిణులను కనిపెట్టుకోవడం, ఎవరిని వెంటనే ఒంగోలు పంపాలో తేల్చడం ఆమె పనే. వార్డులో డాక్టరు చెప్పింది చేయడానికి సరిపోయిన చదువు ఇక్కడ సరిపోదు.

పాత పద్ధతిలో ఏడాదంతా నోట్సు రాసుకుని చివర్లో పరీక్ష రాసేవారు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో పాఠ్యప్రణాళికను మార్చి, దాన్ని ఎనిమిది సెమిస్టర్లు, క్రెడిట్ల పద్ధతిలోకి తెచ్చింది. ఎంత చదివారన్నదాని కంటే ఏం చేయగలరన్నదానికి అందులో పెద్దపీట వేశారు. అసలు మార్పు ప్రాక్టికల్ పరీక్షలో కనిపిస్తుంది. దాన్ని ‘ఓస్కీ’ అంటారు. గదిలో వరుసగా బల్లలు వేస్తారు, గంట మోగగానే విద్యార్థి ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు జరగాలి. ఒకచోట రబ్బరు చేతికి సెలైన్ సూది ఎక్కించాలి, మరోచోట రోగిలా నటించే మనిషితో మాట్లాడాలి. చేతులు కడుక్కుందా, పేరు అడిగిందా, వాడిన సూదిని ఏ డబ్బాలో వేసింది అని పరీక్షాధికారి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటారు. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే కొలత. ఎవరికి ఏ రోగి దొరికితే అదే అదృష్టం అనే పరిస్థితి తప్పింది.

నైపుణ్యాల ల్యాబ్ కూడా తప్పనిసరే. అయితే అక్కడ సాధనకు వాడే మనిషి బొమ్మను కొనడం తేలిక, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం అంతకంటే తేలిక.

ల్యాబ్‌లో వేసే సన్నివేశాలు ఈ నేలవి కావడం ఇంకా ముఖ్యం. పశ్చిమ ప్రకాశం బోరు నీళ్లలో ఫ్లోరైడ్, కనిగిరి వైపు కిడ్నీ జబ్బులు ఏళ్ల తరబడి వార్తల్లో ఉన్నవే. ‘మోకాళ్లు లాగుతున్నాయమ్మా, ఆ నొప్పి బిళ్లలే ఇంకో పది ఇవ్వు’ అని అడిగే రైతు నటుడిగా వస్తే, విద్యార్థి ముందు ఎన్నాళ్లుగా మింగుతున్నాడో అడగాలి, కాళ్ల వాపు చూడాలి, ఆ బిళ్లలు కిడ్నీలను ఎలా దెబ్బతీస్తాయో అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఇంగ్లీషులో నేర్చుకున్న పాఠాన్ని తెలుగులో చెప్పడం కూడా నైపుణ్యమే, దానికి మార్కులు వేసేవారు తక్కువ. 2020 జూలై చివర్లో కురిచేడులోనే శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అలాంటి విషప్రభావాన్ని తొలి గంటల్లో గుర్తుపట్టి 108కు ఫోన్ చేయడం కూడా సాధన చేయించదగిన పాఠమే.

ఇవన్నీ పాఠం చెప్పేవాళ్ల మీద ఆధారపడతాయి. పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలని నిబంధన. ఆమె వార్డు వదిలి ఏళ్లయితే ఆ లెక్క కాగితం మీదే ఉంటుంది. పాఠం చెప్పే వ్యక్తి వారంలో కొంత సమయం రోగుల దగ్గర గడిపితే, పుస్తకంలో లేని సంగతులు తరగతిలోకి వస్తాయి.

1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కాలేజీలను అంచనా వేసి రేటింగ్ ఇవ్వడానికి అందులో ప్రత్యేక బోర్డు ఉంది. గదులు, బెంచీలు లెక్కపెట్టడంతో ఆగకుండా ఒక్కో విద్యార్థి స్వయంగా ఎన్ని కాన్పులు చూసింది, ఎంతమందికి బీపీ చూసింది అని లాగ్‌బుక్కు తెరిపిస్తేనే ఆ రేటింగ్‌కు విలువ.